క్రీడాచార్యులు రహీముగారు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)



నేను పండితుడను గాను. పగలు ఊరి లెక్కలు వ్రాసికొనుచు, రాత్రులయందు తీరిక దొరికినప్పుడు ఈ గ్రంథాలయపు బీరువాలోని భారత భాగవతములను నాయంతట నేను కూడబలుకుకొని చదివినవాడను. అట్టివాడు రజతోత్సవ సభలో తిక్కనను గూర్చియో పోతనను గూర్చియో మాటాడునని మీరనుకొనుట సహజము. కాని ఈ దినమున ఒక ఫుట్‌బాల్ శిక్షకుని గూర్చి మాటాడుటకు నేను కార్యవర్గము ననుమతి కోరితిని. గ్రంథాలయమునకును బంతికిని ఏమి సంబంధమని మిత్రులు ఒకరిద్దరు నవ్విరి. ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి సమాధానము చెప్పుటకే నేను నిలుచున్నాను. మొదట ఆ మహనీయుని చరిత్ర చెప్పెదను. పిదప మన ఊరి సంగతికి వచ్చెదను.

ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీము. 1909వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన హైదరాబాదు నగరమున జన్మించిరి. ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివి పట్టభద్రులైరి. విద్యార్థిదశలో ఆ విశ్వవిద్యాలయపు ఫుట్‌బాల్ జట్టులో ఆడిరి. చదువు ముగిసిన పిదప ఉపాధ్యాయవృత్తి నవలంబించి, కాచిగూడ, దారుల్ ఉలూం, చాదర్‌ఘాట్ పాఠశాలలలో పనిచేసిరి. వ్యాయామవిద్యలో డిప్లొమా పొంది, బడిపిల్లల ఆటల భారమును గూడ తమ భుజములమీద వేసికొనిరి. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శులైరి. 1950లో హైదరాబాదు సిటీ పోలీసు జట్టునకు శిక్షకులైరి. ఆ పిదప భారతదేశపు జట్టునకే శిక్షకులై, ఆసియా క్రీడలలో రెండు పర్యాయములు స్వర్ణపతకము తెచ్చిపెట్టి, 1963 జూన్ 11వ తేదీన, ఏబదినాలుగవ యేట, కీర్తిశేషులైరి.

ఇంతవరకు చెప్పినది జమాఖర్చు పద్దువంటిది. తేదీలును పదవులును చెప్పిన మాత్రమున మనిషి తెలియడు. రహీముగారు పోలీసులకు ఆట నేర్పినను, దేశపు జట్టును సముద్రములు దాటించినను, ఆయన మనస్సు కడవరకు బడిపంతులు మనస్సే. తరగతిలో మంచి పంతులు ఏమి చేయును? తెలివైన బాలుని మెచ్చుకొనుటతో తృప్తిపడడు. వాని పుస్తకము తీసి, వాడు ఏ లెక్కలో తప్పుచున్నాడో చూచును. ఆ తప్పును దిద్దువరకు వానిని విడువడు. రహీముగారు మైదానమున చేసినది ఇదియే.

ఆయన జరిపించిన పోటీలను మూడింటిని మీకు వివరించెదను. మొదటిది బలహీనపు కాలి పోటీ. ప్రతి మనిషికిని ఒక కాలు వాటముగా నుండును, రెండవది మందముగా నుండును. ఆటగాడు వాటమైన కాలితోనే తన్నుటకు అలవాటుపడును. ఎదుటి జట్టువాడు రెండు క్షణములు చూచినచో ఆ సంగతి కనిపెట్టి, ఆ వైపునే అడ్డుపడును. అంతటితో ఎంతటి మేటి ఆటగాడైనను సగము ఆటగాడే యగును. అందువలన రహీముగారు మందమైన కాలితోనే బంతిని తన్నవలెనను నియమముతో పోటీలు పెట్టిరి. కుడికాలివాడు ఎడమకాలితోను, ఎడమకాలివాడు కుడికాలితోను ఆడవలెను. అట్టి ఆటలో పేరుపొందిన వాడు గూడ నడక నేర్చు పసివానివలె తడబడక తప్పదు గదా! ఆ తడబాటే చదువునకు ఆరంభము.

భారతములో అర్జునునకు సవ్యసాచి యని పేరు. ఎడమచేతితో గూడ బాణము వేయగలవాడని దానికర్థము. మనము ఆ పేరు చదివి, అది దేవతలిచ్చిన వరమేమో యనుకొని ముందునకు పోవుచుందుము. కాని చీకటిలో అన్నము తినుచు, చేయి కంటితో పనిలేక నోటికి పోవుట గమనించి, చీకటిలో విల్లు సాధన చేసిన బాలుడు కూడ ఆ అర్జునుడే. సవ్యసాచిత్వము వరము గాదు, సాధన. ఇది వ్యాసులవారు చెప్పిన సంగతి. హైదరాబాదు మైదానములలో దానిని ఆచరణయందు పెట్టినవారు రహీముగారు.

రెండవది డ్రిబ్లింగు లేని పోటీ. బంతిని తన కాళ్లయొద్దనే ఉంచుకొని, అడ్డువచ్చిన వారిని ఒకరి వెంట నొకరిని తప్పించుకొనుచు పోవుటకు డ్రిబ్లింగు అని పేరు. చూచువారికి అది కన్నులపండువు. చేయువానికి అహంకారము. ఈ పోటీలో ఆ పని నిషేధము. బంతి వచ్చిన వెంటనే తోటివానికి అందింపవలెను. మన ఊరి కోలాటమును తలచుకొనుడు. ఒకడు తన కోలను ఎంత అందముగా త్రిప్పినను, ఎదుటివాని కోలకు తగిలినప్పుడే గదా తాళము పలుకును! బంతి ఒకని సొత్తు గాదనియు, పదునొకండుగురి నడుమ తిరుగు అప్పువంటిదనియు, పుచ్చుకొన్నవాడు వెంటనే చెల్లింపవలెననియు ఈ పోటీ నేర్పెను.

మూడవది పొట్టివారి పోటీ. ఎత్తునకు ఒక హద్దు పెట్టి, ఆ హద్దునకు లోబడిన కుఱ్ఱవాండ్రను మాత్రమే ఆడనిచ్చెడివారు. పెద్దవారి తోపులాటలో చిన్నవాడు బంతిని ముట్టుకొనజాలడు. ముట్టుకొననివాడు నేర్చుకొనజాలడు. వానికి వాని తాహతునకు తగిన చోటు చూపినచో నేర్చుకొనును. ఒకటవ తరగతికి వేరుగా గది కట్టుట ఎందులకో తెలిసిన పంతులుకే ఇట్టి యోచన తట్టును.

ఈ మూడు పోటీలకును ధనము కావలసిన పని లేదు. ఒక బంతి, ఒక మైదానము, ఒక నియమము, దానిని పట్టుదలతో అమలుపరచు ఒక గురువు. ఈ నాలుగును ఉండిన చాలును. ఈ మాటను మీరు గుర్తుంచుకొనవలెనని ప్రార్థన. దీనితో నాకు తరువాత పని గలదు.

ఇట్టి శిక్షణకు ఫలమేమి? హైదరాబాదు సిటీ పోలీసు జట్టు బొంబాయిలో జరుగు రోవర్స్ కప్పును 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదేండ్లు గెలుచుకొనెను. డ్యూరాండ్ కప్పు గూడ ఒకటికి మించిన పర్యాయములు ఆ జట్టునకు దక్కెను. 1956లోను 1957లోను హైదరాబాదు జట్టు సంతోష్ ట్రోఫీని గెలిచెను. ఆ దినములలో ఫుట్‌బాల్ అనగా కలకత్తాయే యని దేశమంతయు అనుకొనెడిది. కలకత్తావలె పెద్ద క్లబ్బులును ధనమును లేని మన నగరము, పోలీసు కొలువునందున్న సామాన్యులతో ఆ మాటను మార్చివేసెను.

భారతములో ద్రోణాచార్యులు ఏకలవ్యుని శిష్యునిగా స్వీకరింపలేదు. ఆ బాలుడు మట్టిబొమ్మను పెట్టుకొని నేర్చుకొనెను. నేర్చిన పిదప గురుదక్షిణగా కుడిచేతి బొటనవ్రేలు పోగొట్టుకొనెను. ద్రోణుని నిందించుట నా యుద్దేశ్యము గాదు. ఆయన రాజకుమారుల గురువు, ఆయన కట్టుబాట్లు ఆయనవి. కాని రహీముగారు ఏకలవ్యుల కొఱకు తామే వెదకుచు పోయిన గురువు. సికిందరాబాదు చెంత అమ్ముగూడయని యొక ఊరు గలదు. అచ్చట పేదయింట పుట్టిన తులసీదాస్ బలరాం అను బాలుడు బంతి ఆడుచుండెను. రహీముగారు వాని ఆటను చూచి, హైదరాబాదునకు వచ్చి సాధన చేయుమనిరి. రానుపోను దూరము చాల, రాకపోకలకు డబ్బు లేదని ఆ బాలుడు చెప్పెను. సైకిలు అద్దెకు కావలసిన డబ్బును రహీముగారే ఇచ్చెడివారు. ఈ సంగతిని బలరాం తాను పెద్దవాడైన పిదప కృతజ్ఞతతో చెప్పుకొనెడివాడు. ఆ సైకిలు అద్దె ఎక్కడకు చేర్చెను? 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్సునకు, 1960లో రోమ్ ఒలింపిక్సునకు, 1962లో జకార్తా స్వర్ణపతకమునకు. లెక్కలు వ్రాయువాడను గనుక చెప్పుచున్నాను: అంతకంటె లాభించిన పెట్టుబడిని నేను ఏ చిట్టాలోను చూడలేదు.

ఇక దేశపు జట్టు కథ. 1951లో ఢిల్లీలో మొట్టమొదటి ఆసియా క్రీడలు జరిగెను. ఫుట్‌బాల్ తుదిపోటీలో మనవారు ఇరానును ఒక్క గోలుతో ఓడించి స్వర్ణపతకము పొందిరి. ఆ గోలు చేసినవాడు మేవాలాల్. శిక్షకులు రహీముగారు. మరుసటి యేడు, 1952లో, హెల్సింకీ ఒలింపిక్సులో అదే శిక్షకుని జట్టు యుగోస్లావియా చేతిలో పదింటికి ఒక గోలుతో ఓడిపోయెను. మన ఆటగాండ్రలో చాలమంది బూట్లు లేకయే ఆడిరి. చలిదేశపు నేలమీద, బూట్లు తొడిగిన బలశాలుల నడుమ, వట్టికాళ్ల నేర్పు చాలలేదు.

ఈ ఓటమియే రహీముగారి గొప్పతనమునకు గీటురాయి. ఓడిన సేనాపతులు సాధారణముగా ఎండను వానను నిందింతురు. ఇచ్చట అట్లు జరుగలేదు. ఆ ఓటమి తరువాత మన దేశమున బూట్లు తొడిగి ఆడుట తప్పనిసరి చేయబడెను. ఆట పన్నుగడ గూడ మారెను. పూర్వము వెనుక ఇద్దరును, నడుమ ముగ్గురును, ముందు ఐదుగురును నిలిచెడివారు. 1953లో హంగేరీవారు లండనులోని వెంబ్లీ మైదానమున ఇంగ్లండును ఆరింటికి మూడు గోల్సుతో ఓడించిరి. వారు ముందువరుస నడిమివానిని వెనుకకు జరిపి ఆడించిరి. వానిని కాయవలసిన ఎదుటివాడు, వాని వెంట పోవలెనో తన చోట నిలువవలెనో తెలియక దిగ్భ్రమచెందెను. రహీముగారు ఈ పద్ధతిని మనవారి దేహబలమునకు తగినట్లు మలచిరి. పిదప వెనుక నలుగురు, నడుమ ఇద్దరు, ముందు నలుగురు నిలుచు వ్యూహమును గూడ మన జట్టునకు అలవాటుచేసిరి. 1958లో ప్రపంచ కప్పును గెలిచిన బ్రెజిలు జట్టు ఆడినది ఈ వ్యూహముతోనే.

హెల్సింకీ పరాభవము జరిగిన నాలుగేండ్లకు వచ్చిన ఫలితము చూడుడు. 1956లో మెల్‌బోర్న్‌లో మన జట్టు ఆస్ట్రేలియాను వారి సొంతగడ్డమీదనే నాలుగింటికి రెండుతో ఓడించెను. నెవిల్ డిసౌజా ఒక్కడే మూడు గోల్సు చేసెను. ఆ గెలుపుతో భారతదేశము ఒలింపిక్సు ఫుట్‌బాల్ సెమీఫైనలు చేరెను. ఆసియా ఖండమునుండి అంతవరకు ఏ దేశమును అంతదూరము పోలేదు. అచ్చట యుగోస్లావియా చేతిలోను, మూడవ స్థానపు పోటీలో బల్గేరియా చేతిలోను ఓడి, నాలుగవ స్థానమున నిలిచితిమి. ఆ జట్టులో అజీజుద్దీన్, నూర్ మొహమ్మద్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, బలరాం మున్నగు హైదరాబాదువారు పలువురుండిరి. 1960లో రోమ్‌లో హంగేరీ చేతిలో ఒక్క గోలు తేడాతో ఓడి, ఫ్రాన్సుతో సమానముగా నిలిచితిమి. పది గోల్సు తినినవారు ఎనిమిదేండ్లలో ఐరోపాలోని మేటి జట్లతో భుజము కలిపి ఆడగల్గిరి.

చివరి ఘట్టము జకార్తా. 1962 ఆసియా క్రీడలు ఇండొనేషియాలో జరిగెను. ఆ ప్రభుత్వము ఇజ్రాయెలు, తైవాను దేశములవారిని రానీయలేదు. ఆసియా క్రీడల సమాఖ్యలో ముఖ్యులైన మన దేశీయుడు సోంధీగారు దానిని తప్పుపట్టిరి. అందువలన అచ్చటి ప్రజలకు మనమీద ఆగ్రహము కలిగెను. మన రాయబార కార్యాలయముమీద దాడి జరిగెను. మైదానమున మనవారు కనబడిన చాలును, కేకలతో చెవులు గింగురుమనెడివి. మొదటి పోటీలోనే దక్షిణ కొరియా చేతిలో రెండు గోల్సుతో ఓడితిమి. పిదప థాయిలాండును, జపానును గెలిచితిమి. థాయిలాండుతో ఆడునప్పుడు వెనుకవరుసలోని జర్నైల్ సింగుకు తల పగిలి కుట్లు పడెను. వానిని ఇంటికి పంపవలసినదే యని అందరును అనుకొనియుందురు. రహీముగారు వానిని ముందువరుసకు మార్చిరి. అదేమి వింత! గోలు పడకుండ కాపాడువానిని గోలు చేయువానిగా మార్చుట! కాని బలహీనపు కాలికి చదువు చెప్పిన గురువునకు మాత్రము అది వింత గాదు. మనిషిలో ఇంకొక మనిషి దాగియుండునని ఆయన యెరుగుదురు. సెమీఫైనలులో దక్షిణ వియత్నామును మూడింటికి రెండుతో గెలిచితిమి. జర్నైల్ సింగు గూడ ఒక గోలు చేసెను.

సెప్టెంబరు 4వ తేదీన తుదిపోటీ. ఎదురుగా మరల దక్షిణ కొరియా. సుమారు లక్షమంది ప్రేక్షకులు, అందరును మనకు ప్రతికూలురు. ఆ జనసముద్రమున మనవారికి జయజయధ్వానము చేసినవారు పాకిస్తాను హాకీ జట్టువారని ఆనాటి ఆటగాండ్రు చెప్పుకొనిరి. క్రీడాధర్మము సరిహద్దు లెరుగదనుటకు అది తార్కాణము. రహీముగారి ఆరోగ్యము అప్పటికే బాగుండలేదు. తొమ్మిది నెలలకే ఆయనను బలిగొన్న ఊపిరితిత్తుల క్యాన్సరు లోలోపల తినుచుండెను. తుదిపోటీకి ముందు ఆయన తన శిష్యులను పిలిచి, మీరు నాకొక కానుక ఇయ్యవలెను, ఆ కానుక స్వర్ణపతకమని కోరిరని ఆ శిష్యులే తరువాత చెప్పిరి. జ్వరమునుండి లేచిన తంగరాజ్ గోలు కాచెను. చునీ గోస్వామి నాయకుడు. పి.కె. బెనర్జీ ఒక గోలు, తలకు కుట్లతోనున్న జర్నైల్ సింగు ఒక గోలు చేసిరి. కొరియావారు ఒక్కటియే చేయగల్గిరి. స్వర్ణము మనదయ్యెను. శిష్యులు గురుదక్షిణ చెల్లించిరి. ఈ గురుదక్షిణలో ఎవని బొటనవ్రేలును తెగలేదు.

సభ్యులారా! ఇంతవరకు చెప్పినది సంతోషకరము. ఇకమీద చెప్పునది దుఃఖకరము. జకార్తా తరువాత ఆసియా క్రీడలలో పురుషుల ఫుట్‌బాల్ స్వర్ణము మనకు మరల రాలేదు. 1970లో బాంకాక్‌లో కాంస్యము వచ్చెను. ఆ జట్టు నాయకుడు సయ్యద్ నయీముద్దీన్ హైదరాబాదువాడే. అటుతరువాత ఏ పతకమును లేదు. 1965-66లో ఆంధ్రప్రదేశ్ జట్టు సంతోష్ ట్రోఫీ గెలిచెను. అదియే కడపటిది. ఒకనాడు దేశమునకు ఆటగాండ్ర నిచ్చిన నేల ఎట్లు బీడుపడెను?

కారణములు పెక్కు గలవు. మేటి ఆటగాండ్రు జీవనోపాధికై కలకత్తా, బొంబాయి క్లబ్బులకు పోయిరి. బలరాం సహా పలువురు ఆ దారినే పట్టిరి. క్రికెట్టు మోజు పెరిగెను. నగరమున మైదానములు తరిగి కట్టడములు పెరిగెను. వీటన్నిటిని ఒప్పుకొందును. అయినను వీటికి తోడు నాకు తోచిన కారణ మింకొకటి గలదు. పద్మవ్యూహమును గూర్చి మీకందరికిని తెలియును. అభిమన్యునకు దానిలో ప్రవేశించుట తెలియును, బయటపడుట తెలియదు. అది వాని శౌర్యలోపము గాదు. విద్య సగమే అందినది. రెండవ సగము తండ్రి మనస్సులో నుండెను. ఆ తండ్రి ఆ దినమున దూరమున నుండెను. విద్య ఒక్క మనిషియందు నిలిచిపోయినచో, ఆ మనిషి లేని దినమున శూరుడు గూడ వ్యూహమున చిక్కుకొనును. రహీముగారి పద్ధతి ఊరూర, బడిబడియందు, రెండవ రహీమునకు, మూడవ రహీమునకు అప్పగింపబడవలసినది. అది జరుగలేదు. ఆయనతోపాటు చాలవరకు కనుమరుగయ్యెను.

ఆయనను గూర్చి ఈ దినమున మనకు తెలిసిన దానిలో అధికభాగము ఆయన శిష్యులు నోటితో చెప్పినదే. ఆ శిష్యులలో పి.కె. బెనర్జీ 2020 మార్చిలో పోయెను. చునీ గోస్వామి అదే సంవత్సరము ఏప్రిలులో పోయెను. రహీముగారి కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం రోమ్ ఒలింపిక్సు జట్టులో నుండినవాడు. వాయుసేనలో పనిచేసి, అంతర్జాతీయ రిఫరీయై, 2021 ఆగస్టులో పోయెను. బలరాం 2023 ఫిబ్రవరిలో పోయెను. మూడేండ్లలో నలుగురు సాక్షులు! 2024లో రహీముగారి జీవితముమీద మైదాన్ అను హిందీ చలనచిత్రము వచ్చెను. ఆయన మరణించిన 61 ఏండ్లకు! ఆ చిత్రము చూచియే మన బాలురలో చాలమంది ఆ పేరు వినిరి. సంతోషమే. కాని కన్నీరు పెట్టించు కథ వేరు, పని నేర్పు చదువు వేరు. బలహీనపు కాలి పోటీకి నియమములేమి, దినమునకెంతసేపు సాధన, ఏ తప్పును ఎట్లు దిద్దవలెను, ఇవి వ్రాసిపెట్టిన పుస్తకము ప్రతి గ్రామ గ్రంథాలయమునను ఉండవలసినది గదా!

భీష్ముడు అంపశయ్యమీద పడియుండి ధర్మరాజునకు రాజధర్మమును, మోక్షధర్మమును బోధించెను. ఆ బోధ గాలిలో కలిసిపోయియుండినచో మనకేమి మిగులును? ఎవరో విని, ఎవరో చెప్పి, ఎవరో వ్రాసి, తిక్కనగారు తెనిగించి, మన బీరువాలోనికి వచ్చినందుననే గదా నావంటి లెక్కల మనిషి సైతము దానిని చదువగల్గెను. ఇదిగో, గ్రంథాలయమునకును బంతికిని సంబంధ మేమని అడిగిన మిత్రులకు నా సమాధానము. గురువు నేర్పును. గ్రంథాలయము నిలుపును. ఒకటి లేనిది రెండవది నిండు గాదు.

ఇప్పుడు మన ఊరి సంగతి. రెండు విన్నపములు చేసి ముగించెదను.

మొదటి విన్నపము. ఈ గ్రంథాలయము వెనుకనున్న ఖాళీ స్థలమున అంగడిగదులు కట్టించి అద్దెకిచ్చినచో నెలనెలకు రాబడి వచ్చుననియు, దానితో పుస్తకములు కొనవచ్చుననియు కొందరు సభ్యులు సూచించుచున్నారు. వారి యుద్దేశ్యము సదుద్దేశ్యమే. వారిని నేను గౌరవింతును. లెక్కలు వ్రాయువాడు రాబడికి అడ్డుచెప్పుట మీకు విడ్డూరముగా తోపవచ్చును. కాని జమాఖర్చులలో ఒక సూత్రము గలదు. తిరిగి సంపాదింపగల దానిని ఖర్చు పెట్టవచ్చును. తిరిగి సంపాదింపలేని దానిని ముట్టరాదు. పుస్తకములకు ధనము చందాలవలన వచ్చును, పెండ్లిండ్లలో చదివించిన కట్నములవలన వచ్చును, ఊరు విడిచి పోయి బాగుపడిన మన బిడ్డలు పంపగలరు. గోడలు లేచిన నేల మాత్రము మరల మైదానము గాదు. సాయంకాలము ఆ స్థలమున ఆడు పిల్లలు ఆట ముగిసిన పిదప కాళ్లు కడుగుకొని లోనికి వచ్చి పత్రికలు తిరుగవేయుట మీరు చూచుచున్నారు. గదులు కట్టినచో ఆ పిల్లలు పోవుదురు. పిల్లలు రాని గ్రంథాలయమున పుస్తకములు పెరిగి ప్రయోజనమేమి? ఒక బంతి, ఒక మైదానము, ఒక నియమము, ఒక గురువు చాలునని ఇందాక మనవి చేసితిని. బంతి కొనుటకు నా చందా నేనిచ్చెదను. నియమము రహీముగారు ఇచ్చియే పోయిరి. గురువును మన బడిపంతుళ్లలో వెదకుకొందము. మైదానము మాత్రము మీ తీర్మానముమీద ఆధారపడియున్నది. అచ్చట బాలురతోపాటు బాలికలకును చోటుండవలెనని గూడ నా కోరిక.

రెండవ విన్నపము. ఈ రజతోత్సవ జ్ఞాపకముగా ఒక గట్టి అట్టగల పెద్ద పుస్తకమును కుట్టించి గ్రంథాలయమున నుంచుదము. మన ఊరిలో విద్య తెలిసినవారు పలువురు గలరు. చెరువు తూము ఏ నెలలో ఎన్ని జానలు ఎత్తవలెనో నీరుగంటికి తెలియును. ఏ మన్ను కుండకు పనికివచ్చునో కుమ్మరికి తెలియును. డప్పు దరువులు, మగ్గపు మెలకువలు, పసులకు వచ్చు జబ్బుల మందులు, తల్లుల జోలపాటలు ఎందరి నోళ్లలోనో ఉన్నవి. వారిలో చాలమందికి వ్రాయుట రాదు. మనకు వచ్చును. ఆదివారమున ఒకరి యొద్ద కూర్చుండి, వారు చెప్పినది చెప్పినట్లు, వారి మాటలలోనే వ్రాసిపెట్టుదము. చదువుకొనుచున్న పిల్లలు ఈ పనికి పూనుకొన్నచో నేను గూడ కలము పట్టెదను. నా ఉద్యోగమున నేర్చిన నీతి ఒక్కటే: పద్దులో ఎక్కనిది, ఎంత నిజమైనను, నాలుగు దినములకు లేనిదే యగును.

రహీముగారు హిందువు గారు, తెలుగు కవి గారు, మన జిల్లావారును గారు. అయినను ఆయన మనవారు. బలహీనుని బలహీనతను చూచి నవ్వక, దానికి చదువు చెప్పినవాడు ఏ ఊరివాడైనను గురువే. మనలో ప్రతివానికిని ఒక మందమైన కాలు గలదు. కొందరికి చదువు, కొందరికి ఓర్పు, కొందరికి పదిమందితో కలిసి పనిచేయు గుణము. వాటమైన కాలితో ఇరువదియైదేండ్లు నడచినాము. రానున్న ఇరువదియైదేండ్లు రెండవ కాలిని గూడ సాధనచేయుదము గాక.